కాలి ఎముకతో క్రింది దవడ

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు కేన్సరు మాట ఎత్తడమేమిటని మీలో కొందరికైనా అనిపిస్తుంది. కార్యదర్శిగారు ఆహ్వానించడానికి వచ్చినప్పుడు మేమూ ఆ మాటే అన్నాము. "వేపపువ్వు తిని సంవత్సరము మొదలుపెట్టేవాళ్ళము, అరగంటసేపు ఒక చేదు మాట వినలేమా అండీ?" అన్నారాయన. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

మేమంటే ఒక్కరము కాము. ముంబయిలో ఒక ఆసుపత్రిలో నోటి కేన్సరుకు శస్త్రచికిత్స చేసే జట్టు మాది. అందులో గడ్డను కోసి తీసేవారు కొందరు, తీసినచోట మళ్ళీ కట్టేవారు కొందరు. మత్తు ఇచ్చేవారు, రాత్రంతా మేలుకొని చూసే నర్సులు, తరువాత మాట నేర్పేవారు వేరే వున్నారు. ఈ ప్రసంగము అందరము కూర్చొని అనుకొని వ్రాసినది. చదివే గొంతు మాత్రము ఒకటి.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పడానికే ఈ షోలాపూరు వచ్చాము అన్నా అబద్ధము కాదు.

కొన్నేళ్ళ క్రిందట ఈ ఊరినుండే ఒక నేతపనివారు మా వద్దకు వచ్చారు. నలభై అయిదేళ్ళ మనిషి. ఎడమవైపు క్రింది చిగురుమీద, బుగ్గకూ పళ్ళకూ మధ్య తంబాకు ముద్ద పెట్టుకునే సందులోనే పుండు లేచింది. ఎముకలోకి దిగింది గాని మెడలో గడ్డలు కనబడలేదు. బాగుపడే ఆశ బాగా వున్న రోగి. ఆనాడు మా విభాగములో జనము క్రిక్కిరిసి వున్నారు. మాలో ఒకరు హడావుడిలో హిందీలో "జబ్డా నికాల్నా పడేగా" అన్నారు, అంటే దవడ తీసివేయవలసివుంటుందని. తీసినచోట కాలినుండి ఎముక తెచ్చి కొత్త దవడ కడతామన్న రెండవ మాట ఇంకెవరో చెబుతారులే అని ప్రతివారము అనుకున్నాము. ఎవరూ చెప్పలేదు. ఆయన తేదీ వ్రాయించుకొని వెళ్ళారు. ఆ తేదీకి రాలేదు.

అయిదు నెలలకు వచ్చారు. అప్పటికి బుగ్గ చర్మము పగిలి పుండు బయటికి వచ్చింది. లోపల కణతదాకా ప్రాకింది. కోసి తీయగలిగిన హద్దు దాటిపోయింది. ఆయన ఇల్లాలు మాతో అన్నమాట మా జట్టులో ఎవరమూ మరిచిపోలేదు. "దవడ తీసేస్తె మనిషికి మొహమేముంటది అని భయపడ్డడు సారూ. మల్ల పెడ్తమని మాకెవ్వరు చెప్పలే."

ఆ రెండవ మాటనే ఇవాళ మీకు తీరికగా చెప్పదలచుకున్నాము.

క్రింది దవడ అంటే పళ్ళు నిలిచే అరుగు అనుకుంటాము. నిజానికి ముఖములో సగము పని దానిదే. గుర్రపు నాడా ఆకారములో వున్న ఈ ఎముకకు గడ్డము లోపలివైపున నాలుకను ముందుకు పట్టివుంచే కండరాలు తగులుకొని వున్నాయి. గడ్డపు భాగము పోయి, దాని స్థానములో ఏమీ పెట్టకపోతే నాలుక వెనక్కు జారి ఊపిరికి అడ్డుపడుతుంది. క్రింది పెదవికి ఆధారము వుండదు గనుక చొంగ ఆగదు. ముక్కు క్రిందినుండి ముఖము మెడలోకి జారిపోయినట్టు కనబడుతుంది. అమెరికాలో 1917లో ఒక పత్రికలో మొదలైన బొమ్మల కథలో ఆండీ గంప్ అని గడ్డము లేని పాత్ర వుండేది. అక్కడి వైద్యులు ఈ వికారానికి ఆ పేరే పెట్టారు. బాధపడే మనిషిని బొమ్మల కథతో పోల్చడము మాకు నచ్చదు, కాని పాఠ్యపుస్తకాలలో ఆ పేరు నిలిచిపోయింది.

దవడ ప్రక్కభాగము పోతే కష్టము ఇంత వుండదు. కాని మిగిలిన సగము పోయినవైపుకు లాక్కుపోతుంది. పై పన్ను క్రింది పన్ను కలవవు. అన్నమైతే నాలుకతో నలుచుకొని మింగవచ్చు. మన ఊరి కడక్ జొన్నరొట్టె సంగతి ఇక మరిచిపోవలసిందే.

మరి ఎముకను ఎందుకు తీయాలి, పుండును మాత్రము తీసి ఎముకను విడిచిపెట్టగూడదా అని అందరూ అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. చిగురు ఎముకను అంటిపెట్టుకొని వుంటుంది, రెంటికీ మధ్య దళసరి బహు స్వల్పము. కేన్సరు ఎముక దగ్గరకు వచ్చి ఆగివుంటే పై అంచు మాత్రము చెక్కి, క్రింది అంచును నిలపవచ్చు. అట్లా చేయగలిగినవారికి మేము అట్లాగే చేస్తాము. ఎముక లోపలికి దిగిన తరువాత మాత్రము ఆ భాగమంతా నిలువునా తీయక తప్పదు. పుండు చుట్టూ బాగున్నట్టు కనబడే కండను కూడా సుమారు ఒక సెంటీమీటరు మేర కలిపి తీయాలి. అక్కడ బేరమాడితే రోగము మళ్ళీ వస్తుంది.

ఒకచోటి కండను తెచ్చి ఇంకొకచోట నిలబెట్టే విద్య ఈ దేశానికి కొత్తది కాదు. తెగిన ముక్కుకు బుగ్గనుండి చర్మము తెచ్చి కట్టే విధానము సుశ్రుతసంహితలో వున్నది. ఇంకా దగ్గరి సంగతి మన మహారాష్ట్రలోనే జరిగింది. టిప్పు సుల్తానుతో ఇంగ్లీషువారు యుద్ధము చేస్తున్న కాలములో వారి సైన్యములో ఎడ్లు తోలే కవాస్జీ అనే ఆయన టిప్పు మనుష్యులకు చిక్కాడు. వారు అతని ముక్కు కోశారు. తరువాత పూనా ప్రాంతములో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక పనివాడు నుదుటి చర్మాన్ని ఒక కాడ విడవకుండా క్రిందికి త్రిప్పి, ముక్కుగా కుట్టాడు. ఇంగ్లీషు వైద్యులు చూసి వ్రాసుకున్న ఆ వృత్తాంతము లండనులోని జెంటిల్మన్స్ మ్యాగజీనులో 1794 అక్టోబరులో బొమ్మతోసహా అచ్చయింది. దానిని చదివి జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు 1814లో లండనులో అట్లాంటి శస్త్రచికిత్స చేశాడు. ఆ పూనా పనివాని పేరు మాత్రము ఆ పత్రిక వ్రాయలేదు. ముక్కు పోగొట్టుకున్నవాని పేరు తెలుసు, తిరిగి పెట్టినవాని పేరు లేదు!

ఆ కథలో ముఖ్యమైన మాట 'కాడ'. చర్మమునుగాని కండనుగాని పూర్తిగా కోసి తెచ్చి మరొకచోట పెడితే దానికి రక్తము అందదు. పలుచని చర్మమైతే క్రింది గాయపు తడిని పీల్చి బ్రతుకుతుంది. ఎముకా కండా అట్లా బ్రతకవు, ముఖ్యముగా లాలాజలము ఊరే నోటిలో. కనుక కాడ తెంపకుండా దగ్గరనుండి త్రిప్పి తేవాలి, లేదా తెంపితే ఆ కాడను కొత్తచోట మళ్ళీ అతకాలి. దీనిని వైద్యులు ఫ్లాప్ అంటారు. తెలుగు మాట చేద్దామని మాలో మేము చాలాసేపు తర్కించుకున్నాము. 'అతుకు' అందామంటే బట్టకు వేసే అతుకుకు ప్రాణము లేదు. రైతు నారు పీకి నాటేటప్పుడు వేరుకు మట్టి విడవకుండా తీస్తాడు. ఫ్లాప్ అట్లాంటిది, తన వేరుతో వచ్చే కండ. చివరకు మాట దొరకలేదు, ఫ్లాప్ అనే అంటాము, మీరు మన్నించాలి.

మొదటి ప్రపంచ యుద్ధములో కందకాలలోనుండి తల పైకెత్తిన సైనికులకు దవడలు ఎగిరిపోయాయి. ఇంగ్లండులో హెరాల్డ్ గిల్లీస్ అనే ఆయన 1917లో చర్మమును గొట్టముగా చుట్టి, ఒక కొనను వదలకుండా కొన్ని వారాలకొకసారి జరుపుకుంటూ ముఖముదాకా తెచ్చే పద్ధతి నడిపారు. ఒక్కొక్క ముఖానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్ళు పట్టేవి. యుద్ధములో దెబ్బతిన్న పడుచువానికి ఆ తీరిక వుంటుంది. కేన్సరు రోగికి వుండదు. ఆరు వారాలలోగా అతనికి రేడియేషను మొదలుపెట్టాలి. అందుచేత చాలాకాలము దవడ తీసినచోట దవడ లేకుండానే రోగులు బ్రతికారు.

1979లో అమెరికాలో స్టీఫన్ ఆరియన్ అనే వైద్యుడు ఛాతీకండను పైచర్మముతో కలిపి, దాని రక్తనాళము తెంపకుండా, కాలరు ఎముకమీదుగా నోటిలోకి త్రిప్పి తెచ్చే పద్ధతి ప్రకటించాడు. ఇది మన దేశములో ఇప్పటికీ విరివిగా జరుగుతుంది. సూక్ష్మదర్శిని అక్కరలేదు, రెండు జట్లు అక్కరలేదు, త్వరగా ముగుస్తుంది. గుండె బలహీనమైనవారికి, రోగము ముదిరినవారికి, దవడ వెనుకభాగము మాత్రమే పోయినవారికి మేమూ ఇదే చేస్తాము. దీనిలో ఎముక రాదు, అదే లోటు. మీ బంధువులకు ఇది చేసివుంటే వైద్యులు చిన్నచూపు చూశారని అనుకోవద్దు. ఎవరికి ఏది తగునో చూసే చేస్తారు.

ఇక కాలి సంగతి. కాడను తెంపి మళ్ళీ అతకాలంటే సన్నని రక్తనాళములను కుట్టడము రావాలి. నాళములను కుట్టే పద్ధతి చూపినందుకు అలెక్సిస్ కారెల్‌కు 1912లో నోబెల్ బహుమానము వచ్చింది. మరీ సన్నని నాళములను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి కుట్టవచ్చునని 1960లో జూలియస్ జేకబ్సన్ చూపారు. ఆస్ట్రేలియాలో ఇయాన్ టైలరు మోకాలి క్రిందినుండే సన్నయెముకను రక్తనాళముతోసహా తీసి రెండవ కాలిలో పెట్టిన సంగతి 1975లో ప్రకటించారు. ఆ ఎముకను వంపుగా చేసి దవడగా పెట్టవచ్చునని న్యూయార్కులో డేవిడ్ హిడాల్గో 12 మంది రోగుల అనుభవముతో 1989లో వ్రాశారు. ఇప్పుడు ప్రపంచమంతటా దవడకు ఎక్కువగా వాడేది ఇదే.

మోకాలినుండి చీలమండవరకు రెండు ఎముకలు వున్నాయి. శరీరము బరువు మోసేది లోపలివైపు పెద్ద ఎముక. బయటివైపు వున్న సన్నదానిని ఫిబ్యులా అంటారు. అది మోసే బరువు బహు కొంచెము. చీలమండ గట్టిగా వుండడానికి క్రింద ఆరేడు సెంటీమీటర్లు, మోకాలి ప్రక్కన పోయే నరము చెడకుండా పైన అంతే విడిచి, మధ్యలో 20 సెంటీమీటర్లు దాటి ఎముకను తీసుకోవచ్చు. ఈ చెవినుండి ఆ చెవిదాకా దవడ మొత్తానికీ అది చాలుతుంది. పాదానికి రక్తము తీసుకుపోయే ధమనులు మూడు. ఈ ఎముకతో వాటిలో ఒకటి వచ్చేస్తుంది. మిగిలిన రెండూ బాగున్నవో లేవో ముందే పరీక్ష చేసి చూస్తాము. బీడీ సిగరెట్టు ఎక్కువ కాల్చినవారిలో కొందరి కాళ్ళలో అవి మూసుకుపోయి వుంటాయి. అప్పుడు తుంటి ఎముకవైపో, భుజపు రెక్కవైపో చూడవలసివస్తుంది.

శస్త్రచికిత్స ప్రొద్దున మొదలై రాత్రిదాకా పడుతుంది. ఎనిమిది గంటలు, పది గంటలు, ఒక్కొక్కప్పుడు పన్నెండు. పైన ఒక జట్టు నోటివద్ద పనిచేస్తుంటే క్రింద ఇంకొక జట్టు కాలివద్ద పనిచేస్తుంది. మెడ తెరిచి అక్కడి గ్రంథులను కూడా తీస్తారు. మెడలో గడ్డలు కనబడనివారికి కూడా ఇది ఎందుకు అంటారా? ముంబయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రకటించిన పరిశోధనలో, ముందుగానే మెడ గ్రంథులు తీసినవారిలో మూడేళ్ళకు నూటికి 80 మంది, గడ్డ వచ్చినప్పుడు చూద్దామని ఆగినవారిలో నూటికి 67 మంది బ్రతికివున్నట్టు తేలింది. మెడ తెరవడము మాకు ఇంకొక విధముగా కూడా కలిసివస్తుంది. కాలినుండి తెచ్చిన నాళములను కలపడానికి ధమనీ సిరా అక్కడే దొరుకుతాయి.

దవడ తీయకముందే దాని ఆకారానికి సరిపడా టైటానియము పట్టీని వంచి వుంచుకుంటాము. ఈ మధ్య స్కానునుబట్టి రోగి దవడ నమూనాను యంత్రముమీద అచ్చు తీసి, దానిమీదే పట్టీని వంచుతున్నారు. కాలి ఎముక తిన్నగా వుంటుంది, దవడ వంపుగా వుంటుంది. వడ్రంగి చట్రము మూలను ఏటవాలుగా కోసి కలిపినట్టు, ఎముకను రెండుచోట్లో మూడుచోట్లో కోసి వంచుతాము. పైన వున్న పొరను, దానిలో నడిచే రక్తనాళమును మాత్రము తాకము. ఎముక ముక్కలైనా దారము తెగని పూసలదండలాగ అన్నింటికీ రక్తము అందుతూనే వుంటుంది.

తరువాత నాళములు కుట్టడము. మగ్గముమీద తెగిన పోగును కంటికి కనబడకుండా కలిపే చేతులు ఈ సభలో చాలా వున్నాయి. మీకు ఈ పని ఇట్టే అర్థమవుతుంది. ధమని వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు. దారము తలవెంట్రుకకన్న సన్ననిది. ఎనిమిదో పదో కుట్లు. ఒక కుట్టు ఎదుటి గోడను పట్టుకుందా, నాళము మూసుకుపోయినట్టే. కుట్టి, బిగించిన పట్టుకారు విడిచిన తరువాత కొన్ని క్షణాలు ఎవరమూ మాట్లాడము. తెల్లబారివున్న కండ రంగు తేరుతుంది, ఎముక కోసిన అంచున ఎర్రగా రక్తము చెమర్చుతుంది. రక్తము కారుతుంటే సంతోషించే వృత్తి బహుశా మాది ఒక్కటే.

అక్కడితో అయిపోలేదు. మొదటి రెండు మూడు రాత్రులు అసలు పరీక్ష. నర్సు గంటగంటకూ నోటిలో కొత్త చర్మము రంగు చూస్తుంది. పాలిపోతే ధమని, నీలిబారితే సిర. సూదితో గుచ్చి చూస్తారు. నిదానముగా ఎర్రని చుక్క వస్తే మంచిది. నల్లని రక్తము వెంటనే ఉబికితే, ఎంత రాత్రయినా రోగిని మళ్ళీ బల్లమీదకు తీసుకుపోవాలి. కొన్ని గంటలలో పట్టుకుంటే చాలావరకు నిలుపుకోవచ్చు. తెల్లవారిన తరువాత చూద్దామంటే దక్కదు. అనుభవమున్నచోట నూటికి తొంభైఅయిదు దాకా నిలుస్తాయి. నిలవనివి కూడా వున్నాయి. అప్పుడు వాటిని తీసివేసి ఛాతీకండతోనో మరొకదానితోనో గాయము మూయవలసివస్తుంది. ఈ మాట రోగికి ముందే చెప్పాలి, చెబుతున్నాము.

మెలకువ వచ్చిన రోగికి గొంతులో ఊపిరిగొట్టము, ముక్కులో ఆహారపు గొట్టము వుంటాయి. మాట రాదు. ఊపిరిగొట్టము సాధారణముగా కొన్ని రోజులలో తీసివేస్తారు, ముక్కుగొట్టము పదిరోజులో రెండు వారాలో వుంటుంది. అంతదాకా పలకమీద వ్రాసి చూపాలి. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పక ఉండలేము. ఈ ఊరివారొకరు పలకమీద మరాఠీ అక్షరాలతో 'నీళ్ళు' అని వ్రాసి చూపారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ గదా. మరాఠీ నర్సు చక్కగా చదివింది గాని ఆ మాట ఏమిటో తెలియలేదు. మాలో తెలుగు తెలిసిన డాక్టరు వచ్చి అర్థము చెప్పేదాకా ఆ మాట వార్డంతా తిరిగింది. అప్పటినుండి 'నీళ్ళు', 'నొప్పి', 'గొంతులో కఫము' అన్న మాటలు మా నర్సులందరికీ వచ్చు.

ఇప్పుడు, ఏది తిరిగి రాదో కూడా చెప్పాలి. లేకపోతే మొదట చేసిన తప్పును ఇంకొక వైపునుండి చేసినవారమవుతాము.

దవడ లోపలినుండి పోయే నరము ఎముకతోబాటు పోతుంది గనుక ఆవైపు క్రింది పెదవికి స్పర్శ వుండదు. పెదవిమీద అన్నపు మెతుకు అంటుకున్నా తెలియదు. నలుగురిలో భోజనానికి కూర్చోవడము మానేసినవారిని చూశాము. పక్కన కూర్చున్నవారు చిన్నగా సైగ చేస్తే చాలు, తువ్వాలుతో తుడుచుకుంటారు. ఆ సైగ చేసే మనిషి ఇంట్లో వుండాలి. కాలి చర్మము నోటిలోపల వేస్తాము గనుక మగవారిలో అక్కడ కొన్నాళ్ళు వెంట్రుకలు మొలుస్తాయి. నవ్వకండి, అది వారికి చాలా చిరాకు. రేడియేషను ఇచ్చినవారిలో ఎక్కువగా రాలిపోతాయి. పళ్ళు వెంటనే రావు. కొత్త ఎముక అతుక్కున్న తరువాత దానిలో మరలు దింపి పళ్ళు కట్టవచ్చు గాని, అందరికీ కుదరదు. రేడియేషను పడిన నోటిలో ఆచితూచి చేయాలి, ఖర్చు కూడా ఎక్కువే. చాలామంది మెత్తని తిండితోనే సరిపెట్టుకుంటున్నారు. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి తింటున్నారు.

మాట విషయములో భయము అక్కరలేనంత వున్నది. నాలుక బాగుంటే మాట వస్తుంది. పెదవులు కలవాలి గనుక ప, బ, మ అక్షరాలు మొదట తేలిపోతాయి. 'అమ్మ' అనడానికి రెండు పెదవులూ కావాలని అప్పటిదాకా ఎవరికీ తోచదు. అభ్యాసము చేయిస్తే చాలావరకు సర్దుకుంటుంది. నాలుకలో భాగము కూడా తీయవలసివస్తే అది వేరే కథ, కష్టము ఎక్కువ.

కాలు? నడవగలమా అని అందరికన్న ముందు అడిగేది మగ్గముదగ్గర రోజంతా నిలబడేవారు. అయిదారు రోజులకు పట్టుకొని నడిపిస్తాము. కొన్ని వారాలకు పట్టు లేకుండా నడుస్తారు. చీలమండ కొన్నాళ్ళు బిగుసుకొని వుంటుంది. కాలి బొటనవ్రేలు మునుపటిలాగ వంగదు. కొందరికి చలికాలములో సలుపుతుంది. పిక్క బయటివైపున పొడుగు మచ్చ, ఒక్కొక్కప్పుడు తొడనుండి పలుచని చర్మము తెచ్చి మూసిన చోటు నిలిచిపోతాయి. ఇంతకుమించి కాలికి జరిగేది సాధారణముగా ఏమీ లేదు.

ఒక అమ్మగారి సంగతి చెబుతాము. ఆమెదీ ఈ ఊరే, ఇంట్లో బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి. ప్రొద్దున్నే పళ్ళకు మిశ్రీ రుద్దుకోవడము చిన్ననాటి అలవాటు. గడ్డము దగ్గర చిగురుమీద పుండు వచ్చింది. ముందుపళ్ళు కదిలితే ఎవరో పీకారు, పీకినచోటు మానలేదు. కొడుకు అక్కడితో ఆగకుండా మా దగ్గరకు తీసుకువచ్చాడు. దవడ ముందుభాగమంతా తీసి కాలి ఎముకతో కట్టాము. ఆపరేషనుకు ముందు ఆమె అడిగింది ఒకటే: "నా మనుమరాలు నన్ను చూసి జడుసుకుంటదా?" ఆ ప్రశ్నకు మేము ఔననీ కాదనీ చెప్పలేదు. అట్లా కట్టించుకున్న ఇంకొక పెద్దావిడను పిలిపించి ఆమె పక్కన కూర్చోబెట్టాము. ఇద్దరూ మాట్లాడుకున్నారు. తరువాత మమ్మల్ని ఏమీ అడగలేదు, సంతకము పెట్టింది. ఇప్పుడు ఆమె మళ్ళీ బీడీలు చుడుతున్నది. మేము మానమనలేదు. ఆమె చుట్టకపోతే ఆ ఇంట్లో నూనె ఎట్లా వస్తుందో మాకు తెలియదు. మిశ్రీ మాత్రము మానింది.

కేన్సరును బాగుచేసేది ఈ కొత్త దవడ కాదు. పుండును చుట్టూ చాలినంత మేర తీయడము, మెడ గ్రంథులు తీయడము, కావలసినవారికి రేడియేషను ఇవ్వడము, బాగుచేసేవి అవి. అయినా కట్టేవాడు పక్కన వున్నప్పుడు కోసేవాని చేయి జంకదు. కట్టలేమేమో, ముఖము చెడుతుందేమో అన్న సంకోచము వుంటే, తీయవలసినచోట ఒక వ్రేలెడు మిగిల్చే ప్రలోభము కలుగుతుంది. మా జట్టులో తీసేవారినీ కట్టేవారినీ వేరుగా పెట్టుకున్నది అందుకే. కట్టేవారు "ఇంకొంచెము తీయండి, మేము చూసుకుంటాము" అనాలి. ఇంటివారు కూడా "డాక్టరుగారూ, దవడ మాత్రము ముట్టుకోవద్దు" అని బేరము పెట్టకుండా, "తీసినచోట ఏమి కడతారు, ఎవరు కడతారు, ఎముక పెడతారా, పెట్టకపోతే ఎందుకు పెట్టరు" అని అడగాలి. ఏ ఆసుపత్రిలోనైనా మొదటిరోజే అడగవచ్చు. ఖర్చు సంగతికి మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన వున్నది, ఆయుష్మాన్ భారత్ వున్నది. ఏ ఆసుపత్రిలో ఏ శస్త్రచికిత్సకు అవి వర్తిస్తాయో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే కలుసుకొని తెలుసుకోవాలి. రేషను కార్డు, ఆధారు కార్డు వెంట తెచ్చుకోండి. కార్డు ఇంటివద్ద మరిచి వచ్చినవారికి ఒక వారము వృథా అవుతున్నది.

2022లో మన దేశములో నోటి కేన్సరు కొత్తగా వచ్చినవారు 1,40,000 మందికి పైనేనని అంతర్జాతీయ అంచనా. ప్రపంచములోని ఇట్లాంటి రోగులలో మూడోవంతుకు మించి మనవారే. వక్క ఒక్కటే నమిలినా కేన్సరు రావచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాసంస్థ 2004లోనే ప్రకటించింది. తంబాకు లేదు, సుపారీయే గదా అనే మాట చెల్లదు. 2012లో ఈ రాష్ట్రములో గుట్కాను నిషేధించారు. తరువాత పాన్ మసాలా ఒక పొట్లముగా, తంబాకు ఒక పొట్లముగా విడివిడిగా అమ్మడము మొదలైంది, కొన్నవారు కలుపుకుంటున్నారు. మా కుర్చీలో కూర్చునేవారి వయస్సు ఏటేటా తగ్గుతున్నట్టు మా కళ్ళకు కనబడుతున్నది. అలవాటు మానమని గంటసేపు చెప్పగలము గాని, పండుగనాడు అంత శిక్ష వద్దు.

ఒక పరీక్ష మాత్రము ఇప్పుడే, కూర్చున్నచోటనే చేయవచ్చు. మీ కుడిచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు మూడూ నిలువుగా ఒకదానిమీద ఒకటి పెట్టి, పై పళ్ళకూ క్రింది పళ్ళకూ మధ్య పట్టి చూడండి. మూడువ్రేళ్ళూ పడితే మంచిది. రెండే పడితే వక్క, మావా, గుట్కా నమిలేవారు వెంటనే నోరు చూపించుకోవాలి. నోటిలో తెల్లని మచ్చగాని ఎర్రని మచ్చగాని వున్నా, మూడు వారాలకు మానని పుండు వున్నా, పన్ను పీకినచోటు పూడకుండా వున్నా అంతే. నొప్పి లేదు గదా అని ఆగవద్దు, మొదట్లో అది నొప్పెట్టదు.

మేము టార్చిలైట్లు, చెక్క పుల్లలు, చేతితొడుగులు తెచ్చుకున్నాము. హరికథ మొదలయ్యేలోగా వేదికకు ఎడమవైపు గదిలో కూర్చుంటాము. ఆడవారికి ప్రక్కగదిలో మా లేడీడాక్టరు, ఇద్దరు నర్సులు వున్నారు. మీ ఇంట్లో ఎవరైనా రామన్నవారు వుంటే వారిని కూడా పచ్చడి తినే నెపముతో పిలుచుకొని రండి.